నిజం చెప్పినవాడికే జరిమానా

2003లో సార్స్ వ్యాధి 8,096 మందికి సోకింది. వారిలో 774 మంది చనిపోయారు. ఆ కొద్ది నెలల్లో ఆసియా దేశాల వ్యాపారానికీ పర్యాటకానికీ జరిగిన నష్టాన్ని ఆర్థికవేత్తలు వేల కోట్ల డాలర్లలో లెక్కగట్టారు. క్షయ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏటా పది లక్షలకు పైగా ప్రాణాలను తీస్తూనే ఉంది. దాని కారణంగా ఏ స్టాక్ మార్కెట్టూ కుంగిపోలేదు, ఏ విమానయాన సంస్థా తన సర్వీసులు ఆపుకోలేదు. ఒక వ్యాధి ఎంతమందిని చంపుతుందన్న దానికీ, అది ఒక సమాజానికి ఎంత నష్టం కలిగిస్తుందన్న దానికీ మధ్య నేరుగా లెక్క కుదరదని ఈ రెండు వ్యాధులను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

రోగం చేసే నష్టం వేరు, రోగానికి భయపడి మనుషులు చేసే పనుల వల్ల కలిగే నష్టం వేరు. రెండోది చాలాసార్లు మొదటిదాన్ని మించిపోతుంది. 2020 వసంతంలో, కరోనా వ్యాపించిన తొలి నెలల్లో, అమెరికాలో సెల్‌ఫోన్ల సమాచారం ఆధారంగా జరిగిన ఒక పరిశోధనలో, దుకాణాలకు వెళ్ళే జనం సుమారు 60 శాతం తగ్గారనీ, అందులో ప్రభుత్వ ఆంక్షల కారణంగా తగ్గినది 7 శాతం పాయింట్లేననీ తేలింది. మిగిలినదంతా జనం తమంతట తాము ఇళ్ళలో ఉండిపోవడం వల్ల తగ్గినదే. కాబట్టి ‘ఆరోగ్యమా, ఆర్థికమా’ అని ఆ రోజుల్లో రాత్రీపగలూ సాగిన చర్చ చాలావరకు తప్పు ప్రశ్న మీద సాగింది. తలుపులు తెరిచి ఉంచినంత మాత్రాన భయపడ్డ మనిషి దుకాణంలోకి రాడు.

భయం తగ్గాలంటే సమాచారం నమ్మదగినదై ఉండాలి. సమాచారం నమ్మదగినదై ఉండాలంటే వ్యాధి ఎక్కడ ఉందో అక్కడివాళ్ళు వెంటనే, దాచకుండా చెప్పాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దేశం గాని, నగరం గాని, కోళ్ళ రైతు గాని, దినకూలీ గాని, ‘మా దగ్గర వ్యాధి ఉంది’ అని ముందుగా నోరు విప్పినవారిపైనే మొదటి దెబ్బ పడేలా మన ఏర్పాట్లన్నీ ఉన్నాయి. అంటువ్యాధుల సామాజిక, ఆర్థిక నష్టంలో సింహభాగం ఈ ఏర్పాటు నుంచే పుడుతోందన్నది నా వాదన. దాపరికాన్ని మనం నీతికి సంబంధించిన లోపంగా చూస్తాం. నా దృష్టిలో అది ముందుగా ఒక లెక్క. ఆ లెక్కను మార్చకుండా నీతిబోధ ఎంత చేసినా ప్రయోజనం ఉండదు.

ఈ లెక్క ఎలా పనిచేస్తుందో 1892 నాటి హాంబర్గ్ కన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు కనబడలేదు. జర్మన్ సామ్రాజ్యంలో అది స్వయంపాలన గల రేవు పట్టణం. పాలన వర్తకులదీ న్యాయవాదులదీ. నగరానికి మంచినీరు ఎల్బే నది నుంచి వడపోత లేకుండానే వచ్చేది. ఇసుక వడపోత కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలిగింది. ఖర్చు ఎవరు భరించాలన్నది తేలకపోవడమే దానికి కారణం. నగర సభలో ఇళ్ళ యజమానుల మాటే చెల్లుబాటయ్యేది, వాళ్ళకు పన్ను పెరగడం ఇష్టం లేదు. పక్కనే ఆనుకుని, ప్రష్యా పాలన కింద ఉన్న అల్టోనా పట్టణం అదే నది నీటిని, అదీ హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాత దిగువన తీసుకునేది. కాకపోతే వాడకానికి ముందు ఇసుకలో వడపోసేది.

ఆ ఆగస్టు మధ్యలో కలరా మొదలైంది. వైద్యులకు అనుమానం వచ్చినా అధికారులు ప్రయోగశాలలో నిర్ధారణ కావాలంటూ రోజులు గడిపారు. కలరా అన్న మాట బయటికి వస్తే ప్రపంచంలోని రేవులన్నీ హాంబర్గ్ ఓడలను ఆపేస్తాయి. రేవు ఆగితే నగరమే ఆగిపోతుంది. నగరం అధికారికంగా ఒప్పుకునేసరికి వారానికి పైగా గడిచిపోయింది. ఈలోగా అమెరికాకు వలస వెళ్ళేవారితో నిండిన మొరావియా అనే ఓడ, రేవులో అంటువ్యాధి లేదన్న ధ్రువపత్రంతోనే బయలుదేరింది. అది న్యూయార్క్ చేరేలోగా 22 మంది దారిలోనే చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. హాంబర్గ్‌లో మృతుల సంఖ్య సుమారు 8,600కు చేరింది. రెండు పట్టణాల సరిహద్దు వెంబడి సాగే వీధిలో హాంబర్గ్ నీరు తాగిన వైపు జనం చనిపోగా, అల్టోనా నీరు తాగిన వైపు దాదాపు క్షేమంగా మిగిలింది.

దాపరికం వల్ల నగరం ఏదైనా మిగుల్చుకుందా? ఏమీ లేదు. ఓడలను ఎలాగూ ఆపేశారు, సరుకును ఎలాగూ తిప్పి పంపారు, రేవు కూలీలకు పని ఎలాగూ పోయింది. ఆదాయం తక్కువ ఉన్నవారిలో మరణాల రేటు ఎక్కువగా ఉంది. వడపోత ఖర్చుకు వెనకాడిన ఇళ్ళ యజమానులలో చాలామంది బతికే ఉన్నారు. ఏళ్ళ తరబడి నానిన వడపోత కేంద్రం పనిని హడావుడిగా ముగించి మరుసటి ఏడాదే పూర్తి చేశారు. నాకు కోపం తెప్పించేది ఆ పూర్తికావడమే. అంత తొందరగా పూర్తి చేయగలిగినప్పుడు ఇన్నేళ్ళూ అడ్డుపడినది డబ్బు లేకపోవడం కాదు, ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలన్న పట్టుదల.

హాంబర్గ్ ఒంటరి కాదు. 1911లో ఇటలీ ప్రభుత్వం నేపుల్స్ కలరాను ప్రపంచానికి తెలియకుండా తొక్కిపెట్టింది. 1918 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో, ఇన్‌ఫ్లుయెంజా వ్యాపిస్తోందని తెలిసికూడా, యుద్ధ బాండ్ల అమ్మకం కోసం రెండు లక్షల మందితో ఊరేగింపు జరిపారు. కొన్ని రోజుల్లోనే ఆ నగరపు ఆసుపత్రులు నిండిపోయాయి. 2003లో చైనా సార్స్‌ను దాచింది. దాన్ని బయటపెట్టినది జియాంగ్ యాన్‌యోంగ్ అనే సైనిక వైద్యుడు. 2019 డిసెంబరు చివర్లో, తర్వాత కరోనాగా తెలిసిన కొత్త వ్యాధి గురించి తోటి వైద్యులను హెచ్చరించిన వూహాన్ వైద్యుడు లీ వెన్‌లియాంగ్‌ను పోలీసులు పిలిచి, పుకార్లు పుట్టిస్తున్నావని మందలించి సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరిలో అదే వ్యాధితో ఆయన మరణించాడు.

ఈ ఉదాహరణలు చదివాక పాలకులను తిట్టిపోసి ఊరుకోవడం సులభం. తిట్టదగినవాళ్ళే, సందేహం లేదు. కానీ మరో వైపు చూడాలి. నిజం చెప్పినవాళ్ళకు ఏమైంది? 1991లో పెరూలో కలరా బయటపడగానే అనేక దేశాలు అక్కడి చేపలనూ ఇతర ఆహార పదార్థాలనూ నిషేధించాయి. దేశాధ్యక్షుడు ఫుజిమోరి టీవీ కెమెరాల ముందు పచ్చిచేప వంటకం తిని చూపించవలసి వచ్చింది. (కలరా ఉన్న కాలంలో పచ్చిచేప తినమని జనానికి అధ్యక్షుడే చూపించడం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.) 1994లో సూరత్‌లో ప్లేగు వార్త వెలువడినప్పుడు దేశం మొత్తం మీద మృతులు అరవైకి లోపే. అయినా విమానాలు రద్దయ్యాయి, ఎగుమతులు ఆగాయి, నష్టం వంద కోట్ల డాలర్లు దాటిందని అంచనాలు వచ్చాయి.

అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ 2021 నవంబరులో కనబడింది. దక్షిణాఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు కొత్త కరోనా రకాన్ని గుర్తించి, ఏ దాపరికమూ లేకుండా నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేశారు. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అన్న పేరు పడింది, అదే రెండు రోజుల్లో ఆఫ్రికా దక్షిణ దేశాల నుంచి విమానాలు ఆపుతూ దేశం తర్వాత దేశం ప్రకటనలు చేసింది. సెలవుల కాలానికి ఆ దేశాల పర్యాటకం తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత తేలినదేమిటంటే, నెదర్లాండ్స్‌లో నవంబరు 19న తీసిన నమూనాలోనే ఆ రకం ఉంది. అంటే ఆ రకం ముందుగా కనిపెట్టిన దేశం దాటి అప్పటికే ఐరోపాలో ఉంది. దక్షిణాఫ్రికా చేసిన నేరమల్లా మంచి ప్రయోగశాలలు కలిగి ఉండటం, వాటి ఫలితాలను దాచకపోవడం. రేపు మరో దేశపు ఆరోగ్య మంత్రి ముందు ఇలాంటి నివేదిక వచ్చినప్పుడు ఆయనకు గుర్తుకు వచ్చేది ఏమిటో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

దేశాల నుంచి మనుషుల దగ్గరికి దిగినా లెక్క ఇదే. మేరీ మాలన్ ఐర్లండ్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చి, న్యూయార్క్‌లో సంపన్నుల ఇళ్ళలో వంటమనిషిగా పనిచేసింది. ఆమె ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉన్నా జబ్బు లక్షణాలు లేవు. ఆమె వండిన ఇళ్ళలో వరసగా జ్వరాలు రావడంతో పరిశోధకులు ఆమెను గుర్తించి, 1907లో బలవంతంగా ఒక ద్వీపంలోని ఆసుపత్రిలో నిర్బంధించారు. ఇక వంట చేయనన్న హామీ మీద 1910లో వదిలిపెట్టారు. వంట తప్ప మరో విద్య లేని, ఒంటరి, పేద స్త్రీ దగ్గర ఆ హామీ తీసుకున్నవారు ఆమె మిగతా జీవితానికి జీతం మాత్రం ఏర్పాటు చేయలేదు. బట్టలు ఉతికే పనిలో వంటకు వచ్చినదానికన్నా చాలా తక్కువ వచ్చేది. కొంతకాలానికి ఆమె పేరు మార్చుకుని మళ్ళీ వంటలోకి వెళ్ళింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వచ్చి, ఇద్దరు చనిపోయారు. వంట చేసినది ఆమే. 1938లో చనిపోయేదాకా ఆమెను మళ్ళీ బయటికి వదలలేదు.

ఆమె నిర్దోషి అని నేను అనను. రెండోసారి ఆమెకు తెలిసే చేసింది, ఇద్దరి ప్రాణాలు పోయాయి. కానీ సమాజం వైపు నుంచి లెక్క చూడండి. రెండున్నర దశాబ్దాల పాటు ఒక మనిషిని ద్వీపంలో పోషించడానికి నగరం పెట్టిన ఖర్చు ఎంత, 1910లో ఆమెకు వంటమనిషి జీతానికి సమానమైన మరో జీవనోపాధి చూపించడానికి అయ్యే ఖర్చు ఎంత? ఆమె చనిపోయేనాటికి ఆ నగరంలోనే ఇలాంటి ఆరోగ్యవంతులైన వాహకులు వందల సంఖ్యలో గుర్తింపు పొంది ఉన్నారు. వారెవరినీ ఇలా జీవితాంతం బంధించలేదు. ఆమెకు పడిన శిక్షలో టైఫాయిడ్ వాటా ఎంతో, వలస వచ్చిన పేద ఒంటరి స్త్రీ అయినందుకు పడిన వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

వందేళ్ళ తర్వాత 2020 జూలైలో మెల్‌బోర్న్‌లో రెండో కరోనా అల లేచినప్పుడు ఆ నగరం ఉన్న విక్టోరియా రాష్ట్రపు ప్రభుత్వాధినేత (ప్రీమియర్) డేనియల్ ఆండ్రూస్ ఒక లెక్క బయటపెట్టాడు. రెండు వారాల్లో వచ్చిన 3,800 పైచిలుకు కేసుల్లో, లక్షణాలు కనిపించిన రోజు నుంచి పరీక్ష చేయించుకునేదాకా ఇంట్లో ఆగినవారు పదిమందిలో ఒక్కరే. ఎక్కువమంది భద్రత లేని ఉద్యోగులు, వెళ్ళకపోతే ఆ రోజు జీతం రాని మనుషులు. ఆ ప్రభుత్వం చేసిన మంచి పని, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగేవారికి 300 డాలర్లు, వ్యాధి నిర్ధారణ అయినవారికి 1,500 డాలర్లు చెల్లించడం. ప్రజలకు బాధ్యత లేదని ఉపన్యాసం ఇచ్చే బదులు, బాధ్యతగా ఉండటానికి ఎంత ఖర్చవుతుందని అడిగిన ప్రభుత్వాలు చరిత్రలో చాలా తక్కువ.

జంతువుల విషయంలో ఈ సూత్రం ఎప్పుడో అర్థమయింది. కోళ్ళకు గాని పందులకు గాని వ్యాధి సోకిందని చెప్పిన రైతుకు సరైన నష్టపరిహారం ఇవ్వకపోతే, అతను చెప్పడు, చడీచప్పుడు లేకుండా అమ్మేస్తాడు. 1998-99లో మలేషియాలో నిపా వైరస్ వచ్చినప్పుడు వ్యాధి సోకిన ప్రాంతపు పందులను రైతులు తక్కువ ధరకు తెగనమ్మారు. అవి దక్షిణాది పెంపకందారుల దగ్గరికి చేరి, వాటితో పాటు వైరస్ కూడా చేరింది. వంద మందికి పైగా మరణించాక, పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. పశువైద్యశాఖల్లో పనిచేసేవారెవరినైనా అడగండి, పరిహారం మొత్తమూ, అది చేతికందే వేగమూ రెండూ సరిగ్గా ఉంటేనే రైతు ఫోను చేస్తాడని చెబుతారు. కోడి విషయంలో ఒప్పుకున్న తర్కాన్ని మనిషి విషయంలో ఒప్పుకోవడానికి ప్రభుత్వాలు ఎందుకు ఇబ్బంది పడతాయో నాకు అంతుబట్టదు.

పరిహారం బదులు బలప్రయోగం సరిపోతుందని నమ్మినవారు ఎప్పుడూ ఉన్నారు. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసి, పుణెలో ప్లేగు అణచడానికి సైనికులను ఇళ్ళలోకి పంపింది. రోగులను లాక్కుపోయారు, కుటుంబాలను శిబిరాల్లో పెట్టారు, సామాన్లు తగలబెట్టారు. జనం రోగులను దాచారు, శవాలను కూడా దాచారు. జూన్ 22న ప్లేగు కమిటీ అధిపతి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. తర్వాత ఆ కఠిన పద్ధతులను ప్రభుత్వమే సడలించుకోవలసి వచ్చింది. అదే కాలంలో బొంబాయి నుంచి లక్షలాది జనం పారిపోగా, మిల్లుల యజమానులు మిగిలిన కార్మికుల కోసం ఒకరిమీద ఒకరు పోటీపడి రోజు కూలీ పెంచి ఇచ్చారు. ప్లేగు నడుమ ఉండిపోయి పనిచేసినందుకు అదనపు సొమ్ము ఇవ్వాలని మిల్లులకు వెంటనే అర్థమయింది. రోగిని చూపించినందుకు ఏదైనా ఇవ్వాలని మాత్రం ప్రభుత్వానికి తోచలేదు.

2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే మురికివాడను ఎబోలా భయంతో తెల్లవారేసరికి ముళ్ళకంచెతో చుట్టేశారు. లోపల వేలాది కుటుంబాలు. తిండి లేదు, ధరలు పెరిగిపోయాయి, గొడవ జరిగింది, సైనికుల కాల్పుల్లో ఒక బాలుడు చనిపోయాడు. పది రోజులకు ఆ దిగ్బంధం ఎత్తేశారు. దానితో 1666లో ఇంగ్లండ్‌లోని ఈమ్ గ్రామాన్ని పోల్చి చూడాలి. ప్లేగు వచ్చిన ఆ ఊరు, మతగురువు మాంపెసన్ మాట మీద, చుట్టుపక్కలకు వ్యాధి పాకకుండా తనను తాను మూసుకుంది. కాలక్రమంలో ఈ కథకు కొంత భక్తి రంగు అద్దారన్నది నిజమే. అయినా అందులో ఒక వాస్తవం తరచు మరుగున పడుతుంది. చుట్టుపక్కల వాళ్ళు, డెవన్‌షైర్ ప్రభువు ఊరి పొలిమేరలో ఆహారమూ అవసరమైన వస్తువులూ పెట్టి వెళ్ళేవారు. ఆ ఊరిలో సుమారు 260 మంది చనిపోయారు. త్యాగం ఊరిది, దాన్ని సాధ్యం చేసిన ఏర్పాటు చుట్టుపక్కల వాళ్ళది. మనం త్యాగాన్ని మాత్రమే కొనియాడి, రొట్టె మోసినవారిని మరిచిపోతాం.

జరిమానా ఎప్పుడూ డబ్బు రూపంలోనే ఉండదు. హెచ్‌ఐవీ తొలి దశాబ్దాల్లో పరీక్ష చేయించుకోవడమంటే ఉద్యోగాన్నీ అద్దె ఇంటినీ పెళ్ళినీ పందెం కాయడమే. అలాంటప్పుడు పరీక్షకు ఎవరు వస్తారు? మందులు ఉన్నా, పేద దేశాల రోగికి అవి అందని ధరలో ఉన్నంత కాలం, తెలుసుకున్నందువల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు. 2001 ఫిబ్రవరిలో సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్, అప్పటిదాకా ఏడాదికి పది వేల డాలర్లకు పైగా ఉన్న మూడు మందుల చికిత్సను 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించాడు. ధర దిగాక పరీక్షకు ఒక అర్థం వచ్చింది. కళంకం పోవడానికి ప్రచారం చేసిన మేలు ఉంది, కాదనను. కానీ ‘అవును, నాకు ఉంది’ అన్న మాట తర్వాత మరణం బదులు మాత్ర రావడం చేసిన మేలు అంతకన్నా పెద్దది.

కొన్ని జరిమానాలు అసలు వ్యాధి లేనివారి మీద పడతాయి. పశ్చిమ ఆఫ్రికా ఎబోలాలో 28,600 మందికి వ్యాధి సోకి, 11,300 మందికి పైగా చనిపోయారు. ఆ లెక్కకు బయట ఉన్నవి చాలా. ఆసుపత్రికి వెళితే ఎబోలా వస్తుందన్న భయంతో మలేరియా రోగులూ గర్భిణులూ ఇళ్ళలోనే ఉండిపోయారు. టీకాలు ఆగిపోయాయి. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో నెలల తరబడి బడులు మూతపడ్డాయి. ఆ నెలల్లో సియెర్రా లియోన్‌లో ఎందరో బాలికలు గర్భం దాల్చారు. 2015లో బడులు తెరిచినప్పుడు ప్రభుత్వం ఆ బాలికలకు బడి ప్రవేశాన్ని నిషేధించింది. పశ్చిమ ఆఫ్రికా ప్రాంతీయ న్యాయస్థానం తప్పు పట్టాక 2020 మార్చిలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఎబోలా సోకని ఒక పదిహేనేళ్ళ అమ్మాయి అయిదేళ్ళ చదువును ఎబోలాకు కట్టింది. ఏ స్థూల జాతీయోత్పత్తి పట్టికలోనూ ఈ నష్టానికి గడి లేదు.

ఇక అభ్యంతరాల సంగతి. డబ్బు ఇస్తే దొంగ కేసులు పుట్టుకొస్తాయనీ, పేద దేశాలకు ఇది తాహతుకు మించిన పని అనీ అంటారు. మొదటిది నిజమే, కొంత దుర్వినియోగం తప్పదు. కానీ ఈ భయానికి ఒక జవాబు మశూచి నిర్మూలనలోనే దొరుకుతుంది. 1974-75 ప్రాంతంలో భారతదేశంలో మశూచి కేసు చూపించినవారికి నగదు బహుమతి ప్రకటించారు, కేసులు తగ్గేకొద్దీ బహుమతి పెంచారు. ఫలితంగా అమ్మవారు కాని దద్దుర్లన్నీ మశూచి అంటూ వచ్చిపడ్డాయి. అధికారులు వాటిని పీడగా భావించలేదు. ప్రతి తప్పుడు ఫిర్యాదూ జనం కళ్ళు తెరుచుకుని ఉన్నారనడానికి రుజువు. సోమాలియాలో 1977 అక్టోబరులో సహజంగా సోకిన చివరి మశూచి రోగి అలీ మావ్ మాలిన్ ఒక ఆసుపత్రి వంటవాడు. తనను ఎక్కడ నిర్బంధిస్తారోనని అతను దాచాడు, బహుమతి కోసం తోటి ఉద్యోగి ఒకరు చెప్పేశారు. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన బహుమతి వెయ్యి డాలర్లు. దాన్ని అందుకోదగిన కేసు ఒక్కటీ రాలేదు. మొత్తం నిర్మూలనకు 1967 నుంచి అయిన ఖర్చు 30 కోట్ల డాలర్ల వంతు, ఆ తర్వాత టీకాలూ తనిఖీలూ అక్కరలేకుండా ప్రపంచానికి ఏటా మిగిలినది అంతకన్నా ఎక్కువ.

తాహతు విషయంలో నాకూ పూర్తి జవాబు లేదు. గాలిలో పాకే వ్యాధి దేశమంతా నిండిపోయాక అందరికీ జీతాలిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం సంపన్న దేశాలకే కొన్ని నెలలకు మించి సాధ్యం కాలేదు. నేను చెబుతున్నది అంతకుముందు దశ గురించి. తొలి వంద కేసుల దగ్గర పెట్టే ఖర్చు చాలా చిన్నది, కానీ సరిగ్గా అప్పుడే ఎవరూ డబ్బు తీయరు. 2017లో ప్రపంచ బ్యాంకు మహమ్మారి బాండ్లు అమ్మింది. 32 కోట్ల డాలర్ల ఆ బాండ్లపై, ఎక్కువ ప్రమాదం ఉన్న తరగతికి పెట్టుబడిదారులకు రెండంకెల వడ్డీ దక్కింది. మహమ్మారి వస్తే ఆ సొమ్ము పేద దేశాలకు వెళ్ళాలి. మరుసటి ఏడాది కాంగోలో ఎబోలా మొదలై 2,287 మంది చనిపోయినా బీమా సొమ్ము విడుదల కాలేదు, ఎందుకంటే రెండో దేశంలో కనీసం 20 మంది చనిపోవాలన్న షరతు నెరవేరలేదు. కరోనాకు 2020 మార్చి 31న షరతులు నెరవేరాయి. అప్పటికి ప్రపంచంలో కేసులు ఏడు లక్షలు దాటాయి. సుమారు 19.6 కోట్ల డాలర్లను 64 దేశాలకు పంచారు. వ్యాధిని సరిహద్దు లోపలే ఆపగలిగిన దేశానికి దమ్మిడీ కూడా ఇవ్వని బీమా పథకాన్ని రచించినవారు తెలివితక్కువవాళ్ళు కాదు. ఆ షరతులు పెట్టుబడి పెట్టేవారిని కాపాడటానికి రాసినవి, ఆ పని అవి సమర్థంగా చేశాయి.

ఈ లెక్కను బాహాటంగా ప్రపంచం ముందు పెట్టిన దేశం ఇండోనేషియా. అక్కడి రోగుల నుంచి తీసిన బర్డ్ ఫ్లూ నమూనాలను అది ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇస్తూ ఉండేది. వాటి ఆధారంగా ఒక విదేశీ కంపెనీ టీకా తయారు చేస్తోందనీ, ఆ టీకా తమకు అందుబాటులో ఉండదనీ తెలిశాక, 2007 నాటికి నమూనాలు ఇవ్వడం ఆపేసింది. ఆరోగ్య మంత్రి సితి ఫదిలా సుపారి మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. నమూనాలు ఆపడం ప్రమాదకరమే, విమర్శ న్యాయమే. కానీ నాలుగేళ్ళ బేరం తర్వాత 2011లో, ఇన్‌ఫ్లుయెంజా నమూనాలు వాడుకునే కంపెనీలు బదులుగా టీకాలో, నిధులో ఇవ్వాలన్న ఒడంబడిక వచ్చింది. నోరు మూసుకుని ఇచ్చినంత కాలం ఆ ఊసు ఎత్తిన సంపన్న దేశం ఒక్కటీ లేదు.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో ఈ బేరమే మరింత విస్తృతంగా ఉంది. క్రిముల నమూనాలు పంచుకున్నందుకు ప్రతిఫలంగా కంపెనీలు తమ ఉత్పత్తిలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలని, అందులో కనీసం సగం ఉచితంగా ఇవ్వాలని అది లక్ష్యం పెట్టుకుంది. అయితే దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే అనుబంధం ఒప్పందాన్ని ఆమోదించేనాటికి ఖాయం కాలేదు. దాన్ని తర్వాతి చర్చలకు వదిలేశారు. టీకా వాటా మాట అలా ఉంచితే, నిజం చెప్పిన మరుక్షణం విమానాలు ఆగిపోయే దేశం సంగతి ఏమిటి? అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల 43వ అధికరణం ప్రకారం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాను మించి ప్రయాణాలపై ఆంక్షలు పెట్టిన దేశం 48 గంటల్లో శాస్త్రీయ కారణాలు చూపాలి. చూపకపోతే ఏ శిక్షా లేదు. 2021 నవంబరులో విమానాలు ఆపిన ఏ దేశమూ దక్షిణాఫ్రికాకు పైసా పరిహారం ఇవ్వలేదు, ఇవ్వాలని ఏ నిబంధనా అడగలేదు. ఆ నిబంధన రాయడానికి అడ్డం వస్తున్నది వైద్యశాస్త్రం కాదు, హాంబర్గ్ సభలో వడపోతకు అడ్డం వచ్చిన బేరమే.